ఈస్టు వ్యాధులకు ప్రోబయోటిక్కులు: నిదర్శనమెంత?

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి ఉంచినచో తెల్లవారుసరికి గడ్డపెరుగు సిద్ధమగును. పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చు బాక్టీరియాలే ఈ పని చేయుచున్నవి. ఆ పెరుగునే నాలుగైదు దినములు బయట మరచిపోయినచో దానిపై తెల్లని పొర యొకటి కట్టి, వేరొక విధమైన పులిసిన వాసన వచ్చును. ఆ పొరలో తరచుగా ఈస్టు కణములును, బూజులును ఉండును. ఇడ్లీపిండిలో కూడ బాక్టీరియాలు, ఈస్టులు పక్కపక్కనే పెరుగుచుండును. అనగా, పుల్లదనము గలచోట ఈస్టు బ్రతుకజాలదని చెప్పుటకు వీలులేదు. ఈ చిన్న విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో ముందు పని కలదు.

నేడు మందుల అంగళ్ళలో "మేలుచేయు బాక్టీరియాలు" అని చెప్పి గొట్టపు మాత్రలు, పొడులు, తియ్యని పానీయములు విరివిగా అమ్ముచున్నారు. ఆంటీబయోటిక్కు వ్రాసిన చీటీలోనే వీనిని కూడ వ్రాయు వైద్యులు కలరు. వీనికి ప్రోబయోటిక్కులని పేరు. ఈస్టువలన కలుగు నోటిపూత, దురద, తెల్లబట్ట మొదలగు బాధలకు ఇవి విరుగుడని పలువురి నమ్మకము. ఈ నమ్మకమునకు ఆధారమేమి? సిగ్గుచేత ఎవరికిని చెప్పుకొనలేక నెలల తరబడి బాధపడు స్త్రీకిని, నెలలు నిండక పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్న శిశువునకును ఈ ప్రశ్నతో పని యున్నది. కావున దీనిని కొంత వివరముగా పరిశీలింపవలసి యున్నది.

కాండిడా అనగా నేమి?

ఈస్టులు ఏకకణ శిలీంధ్రములు. రొట్టెను పొంగించునదియు, కల్లును పులియజేయునదియు ఈస్టే. ఇట్టివానిలో మనుష్య శరీరమును ఆశ్రయించి యుండునది కాండిడా ఆల్బికన్స్. కాండిడా అను ప్రజాతి నామమును 1923లో క్రిస్టీన్ బెర్ఖౌట్ అను డచ్చి శాస్త్రవేత్త్రి పెట్టెను. ఆరోగ్యవంతులైనవారిలో అనేకుల నోటియందును, ప్రేగులయందును, స్త్రీల యోనిమార్గమునందును ఇది కొద్ది సంఖ్యలో ఏ హానియు చేయక నివసించుచుండును. అందుచేత కాండిడా కనబడినంత మాత్రమున వ్యాధి యున్నదని చెప్పరాదు.

శరీరమునందలి సమతూకము చెడినప్పుడు ఇది విజృంభించును. మధుమేహము, గర్భధారణ, స్టిరాయిడ్ మందులు, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు రోగనిరోధకశక్తిని తగ్గించుట, దీర్ఘకాలము ఆంటీబయోటిక్కులు వాడుట అట్టి సందర్భములు. అప్పుడు గుండ్రని కణరూపములో నున్న కాండిడా సన్నని దారములవలె సాగి, కణజాలములోనికి చొచ్చుకొనిపోవును. ఆ దారములు కణములను గాయపరచు ఒక విషపదార్థమును విడుచునని 2016లో కనుగొనిరి. దానికి కాండిడాలైసిన్ అని పేరు.

పసిపిల్లల నాలుకపై తెల్లని పూతగాను, కట్టుడుపళ్ళు గల వృద్ధుల నోటిలో ఎఱ్ఱని మంటగాను, స్త్రీలలో దురదతో కూడిన విరిగిన పాలవంటి తెల్లని స్రావముగాను ఈ వ్యాధి కనబడును. ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితమున ఒక్కసారియైనను ఇది వచ్చునని అంచనా. కొందరికి ఒకే సంవత్సరములో మూడు, నాలుగు పర్యాయములు తిరుగబెట్టును. రోగనిరోధకశక్తి క్షీణించిన రోగులలో కాండిడా రక్తములో ప్రవేశించినచో ప్రాణాపాయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన అపాయకర శిలీంధ్రముల పట్టికలో కాండిడా ఆల్బికన్స్ అన్నింటికంటె పై వర్గమునందే చేరినది.

ఆలోచన ఎట్లు పుట్టినది?

1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అను జర్మను వైద్యుడు ఆరోగ్యవంతులైన స్త్రీల యోనిమార్గములో కడ్డీల ఆకారము గల బాక్టీరియాలు సమృద్ధిగా నుండుననియు, అవి లాక్టిక్ ఆమ్లమును తయారుచేయుననియు వర్ణించెను. ఇవి లాక్టోబాసిల్లస్ జాతులు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా విద్యార్థి జెనీవాలో తన దేశపు పెరుగునుండి అట్టి బాక్టీరియాను వేరుచేసెను. పిమ్మట 1908లో నోబెల్ బహుమానమందిన మెచ్నికోఫ్, పుల్లని పాలలోని బాక్టీరియాలు ప్రేగులలోని చెడుగును అణచి ఆయుర్దాయమును పెంచునని వాదించెను. ఆయన వాదమును నాడు ఎవరును సరియైన పరీక్షకు గురిచేయలేదు. కాని "మంచి బాక్టీరియా" అను భావము మాత్రము లోకములో నిలిచిపోయినది.

ఆంటీబయోటిక్కుల యుగము ఈ భావమునకు బలము చేకూర్చెను. ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. బెంజమిన్ డగ్గర్ దీనిని కనుగొనిన లెడర్లీ ప్రయోగశాలలలో అప్పుడు పరిశోధనలకు అధిపతిగా నున్నవాడు భీమవరములో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఇట్టి మందులు పలు విధములైన బాక్టీరియాలను ఒక్కమారుగా చంపి అసంఖ్యాకుల ప్రాణములను కాపాడినవి. కాని అవి ఈస్టును చంపజాలవు. పొలములో పైరును, కలుపును కలిపి కోసివేసినచో ఖాళీనేలపై మరొక మొక్క అల్లుకొనునట్లు, బాక్టీరియాలు తొలగిన చోట కాండిడా వ్యాపించుట వైద్యులు గమనించిరి.

సరిగా ఆ కాలముననే దీనికి మందు కూడ దొరికెను. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కు నగరములోను, రేచెల్ బ్రౌన్ ఆల్బనీలోను పనిచేయుచు, తపాలాద్వారా మట్టి జీవుల నమూనాలను ఒకరికొకరు పంపుకొని, 1950లో నిస్టాటిన్‌ను ప్రకటించిరి. న్యూయార్కు రాష్ట్రము పేరే దానికి పెట్టిరి. తరువాత క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్ మొదలగునవి వచ్చినవి. ఈ మందులు ఒక్కొక్క పర్యాయమును చక్కగా నయము చేయును గాని, వ్యాధి తిరిగి రాకుండ శాశ్వతముగా ఆపజాలవు. కొన్ని ఈస్టులు ఈ మందులకు లొంగకపోవుటయు జరుగుచున్నది. అందుచేతనే "పోయిన బాక్టీరియాలను మరల నాటిన నేమి?" అను ఆలోచన పరిశోధకులను ఆకర్షించెను.

ప్రోబయోటిక్కు అను మాటకు 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సమకూర్చిన నిపుణులు ఒక నిర్వచనము నిచ్చిరి. దానిలో మూడు షరతులు కలవు. సూక్ష్మజీవులు బ్రతికి యుండవలెను. తగినంత మోతాదులో ఈయవలెను. వానివలన ఆరోగ్యమునకు మేలు కలుగవలెను. మూడవది పరీక్షించి తేల్చుకొనవలసిన షరతు.

ప్రయోగశాలలో కనబడినది

గాజుపళ్ళెములలో లాక్టోబాసిల్లస్‌ను, కాండిడాను కలిపి పెంచినచో అనేక విశేషములు కనబడును. లాక్టోబాసిల్లస్ విడుచు ఆమ్లములవలనను, కొన్ని రకములు విడుచు హైడ్రొజన్ పెరాక్సైడువలనను కాండిడా పెరుగుదల మందగించును. శరీరకణములకు అంటుకొనుటకు రెండింటి నడుమ పోటీ యేర్పడును. అన్నింటికంటె ఆసక్తికరమైన విషయము 2021లో వెల్లడియైనది. కొన్ని లాక్టోబాసిల్లస్‌లు విడుచు 1-అసిటైల్-బీటా-కార్బొలిన్ అను చిన్న అణువు కాండిడా దారములుగా సాగుటను అడ్డగించును. అనగా ఈస్టును చంపకయే దానిని సాధువుగా ఉంచును.

ఇవి విలువైన ఫలితములు. ఐనను గాజుపళ్ళెము శరీరము కాదు. పళ్ళెములో రెండే జీవులుండును. శరీరములో వందలకొలది జాతులు, స్రావములు, రోగనిరోధక కణములు ఉండును. నోటిద్వారా మ్రింగిన బాక్టీరియా జఠరామ్లమును దాటి, ప్రేగులనుండి యోనిమార్గమును చేరి, అచ్చట స్థిరపడవలసి యుండును. కావున రోగులపై పరీక్ష అవసరము.

స్త్రీలపై జరిగిన పరీక్షలు

న్యూయార్కులో జరిగి 1992లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రసిద్ధమైనది. తరచు కాండిడా వ్యాధికి గురియగుచున్న 33 మంది స్త్రీలను తీసికొని, ఆరు నెలలు దినమునకు ఎనిమిది ఔన్సుల పెరుగు తినుటకును, మరి యారు నెలలు పెరుగు లేకుండ నుండుటకును ఏర్పాటు చేసిరి. ఆ పెరుగులో లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ ఉన్నది. పెరుగు లేని ఆరు నెలలలో ఒక్కొక్కరికి సగటున 2.54 పర్యాయములు వ్యాధి రాగా, పెరుగు తినిన ఆరు నెలలలో 0.38 పర్యాయములు మాత్రమే వచ్చెను. అంకెలు చూచిన ఎవరికైనను ఆశ్చర్యము కలుగక మానదు.

కాని కొంచెము లోతుగా చూడవలెను. నియమములు పాటింపని 12 మందిని లెక్కనుండి తొలగించిరి. మొదట పెరుగు తినినవారిలో ఎనిమిదిమంది తరువాత దానిని మానుటకు ఒప్పుకొనలేదు. చివరకు లెక్కకు మిగిలినది 13 మంది. పైగా తాము పెరుగు తినుచున్నామని వారికి తెలియును. ఫలితముపై నమ్మకమున్న మనిషి బాధను తక్కువగా చెప్పుట సహజము. ఇట్టి పరీక్ష ఒక సూచన నిచ్చును గాని, నిర్ణయము చేయజాలదు.

ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో జరిగి 2004లో ప్రకటింపబడిన పరీక్ష ఇంతకంటె కట్టుదిట్టమైనది. ఇతర వ్యాధులకై ఆంటీబయోటిక్కులు వాడవలసిన 278 మంది స్త్రీలను చీట్లు తీసినట్లుగా, ఎట్టి పక్షపాతమును లేకుండ గుంపులుగా విభజించిరి. కొందరికి నోటిద్వారా, కొందరికి యోనిమార్గముద్వారా, కొందరికి రెండు విధములుగను లాక్టోబాసిల్లస్ నిచ్చిరి. మిగిలినవారికి చూపునకు అట్లే యుండు ఉత్తుత్తి మందు నిచ్చిరి. ఎవరికి ఏది వచ్చినదో స్త్రీలకు గాని, వైద్యులకు గాని తెలియదు. ఫలితములు లభించిన 235 మందిలో 55 మందికి, అనగా 23 శాతమునకు, ఈస్టు వ్యాధి వచ్చెను. లాక్టోబాసిల్లస్ పొందినవారికి ఏ మాత్రము రక్షణ కనబడలేదు. మేలు తేలుటకు అవకాశము లేదని పర్యవేక్షకులు పరీక్షను మధ్యలోనే ఆపివేయించిరి.

అట్లని ఆశ పూర్తిగా పోలేదు. బ్రెజిల్‌లో జరిగి 2009లో ప్రకటింపబడిన పరీక్షలో 55 మంది స్త్రీలకు ఫ్లూకొనజోల్ ఒక మోతాదు ఇచ్చి, దానితోబాటు సగముమందికి నాలుగు వారములు రెండు ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ రకములను, మిగిలినవారికి ఉత్తుత్తి మందును ఇచ్చిరి. నాలుగు వారముల పిమ్మట ప్రోబయోటిక్కు తీసికొన్నవారిలో 10.3 శాతమునకును, ఇతరులలో 38.5 శాతమునకును ఈస్టు కనబడెను. ఇచ్చట ప్రోబయోటిక్కు మందునకు బదులుగా గాక, మందునకు తోడుగా వాడబడినదని గమనింపవలెను.

చిన్న చిన్న పరీక్షలను కలిపి చూచుట ఒక పద్ధతి. కాక్రేన్ అను సంస్థవారు 2017లో 10 పరీక్షలను, అందలి 1,656 మంది స్త్రీల ఫలితములను కలిపి విచారించిరి. మందు ఒక్కటే వాడినవారిలో 100 మందికి నయమగుచోట, ప్రోబయోటిక్కును కలిపి వాడినవారిలో సుమారు 114 మందికి త్వరగా నయమైనట్లు తేలెను. ఒక నెలలోపల తిరుగబెట్టుట సుమారు మూడవ వంతునకు తగ్గినట్లు కనబడెను. కాని ఆ తరువాతి కాలమున నయమగుటలో తేడా నిలువలేదు. అంతకంటె ముఖ్యముగా, ఈ నిదర్శనములు తక్కువ లేక మిక్కిలి తక్కువ నాణ్యత గలవని ఆ సంస్థవారే తెలిపిరి. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమువారు వెలువరించిన వైద్య సూచనలలో ఈ వ్యాధికి ప్రోబయోటిక్కులు వాడుటకు తగినంత నిదర్శనము లేదని స్పష్టముగా వ్రాసిరి.

సిద్ధాంతము ఎచ్చట తప్పినది?

ఇంత యుక్తియుక్తమైన ఆలోచన పరీక్షలో ఏల తడబడినది? పెరుగుపై కట్టిన పొర ఇచ్చట అక్కరకు వచ్చును. ఆరోగ్యవంతమైన యోనిమార్గపు పి.హెచ్. సుమారు 3.8 నుండి 4.5 వరకు నుండును. అది పుల్లని స్థలమే. కాండిడా వ్యాధి వచ్చినప్పుడు కూడ ఈ అంకె సాధారణముగా మారదు. లాక్టోబాసిల్లస్‌లును పలుమార్లు అచ్చటనే యుండును. అనగా ఈ వ్యాధి, బాక్టీరియాలు పోవుటవలననే ప్రతిసారియు కలుగునది కాదు. ఈస్టు దారములుగా మారుటయు, దానికి ప్రతిగా శరీరము తీవ్రముగా రేగుటయు అంతకంటె ముఖ్యములు.

దీనితో పోల్చదగినది బాక్టీరియల్ వజైనోసిస్ అను మరియొక స్థితి. దానిలో లాక్టోబాసిల్లస్‌లు నిజముగనే తరిగిపోయి పి.హెచ్. 4.5ను మించును. 2020లో ప్రకటింపబడిన పరీక్షలో 228 మంది స్త్రీలకు ముందు మందు వాడి, పిమ్మట లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ అను యోనిమార్గపు సహజ బాక్టీరియానే ప్రవేశపెట్టిరి. పన్నెండు వారములలో వారికి 30 శాతము, ఉత్తుత్తి మందు పొందినవారికి 45 శాతము తిరుగబెట్టెను. తరిగినదానిని తిరిగి నింపినచో ఫలితముండుట న్యాయమే. తరుగనిదానిని నింపుటవలన ఫలితము కొంచెమగుటయు న్యాయమే. ఈ రెండు వ్యాధులను ఒకటిగా తలచుట పొరపాటు.

రెండవ కారణము జాతిభేదము. మామిడి చెట్లన్నియు మామిడియే యైనను బంగినపల్లికిని, రసాలమునకును గల భేదము మనకు తెలియును. అట్లే ఒక బాక్టీరియా రకముపై తేలిన ఫలితము మరొక రకమునకు వర్తింపదు. ఇంటి పెరుగులోని బాక్టీరియాలు ఇంటింటికి మారుచుండును. అవి పాలలో పెరుగుటకు అలవాటుపడినవి గాని, శరీరభాగములలో కాపురముండుటకు కాదు.

శిశువులు, వృద్ధులు

యోనిమార్గమునకు వెలుపల కొన్ని ఫలితములు ఇంతకంటె ఆశాజనకములు. 2007లో ప్రకటింపబడిన ఫిన్లాండు పరీక్షను 276 మంది వృద్ధులతో ఆరంభించి, పదునారు వారములు దినమునకు 50 గ్రాముల జున్నుగడ్డ వంటి చీజ్‌ను తినిపించిరి. ప్రోబయోటిక్కు కలిపిన చీజ్ తినినవారిలో లాలాజలమునందు ఈస్టు అధికముగా గలవారు 30 నుండి 21 శాతమునకు తగ్గిరి. మామూలు చీజ్ తినినవారిలో 28 నుండి 34 శాతమునకు పెరిగిరి.

ఇటలీలో 1,500 గ్రాములకంటె తక్కువ బరువుతో పుట్టిన 80 మంది శిశువులపై జరిగిన పరీక్షా ఫలితములు 2006లో వెలువడినవి. తల్లిపాలతో ప్రోబయోటిక్కు పొందినవారిలో 23.1 శాతము మంది ప్రేగులలోను, పొందనివారిలో 48.8 శాతము మంది ప్రేగులలోను శిలీంధ్రములు చేరెను. మన దేశములో చండీగఢ్‌లోని ఆసుపత్రిలో ఆంటీబయోటిక్కులు పొందుచు తీవ్రచికిత్సా విభాగములో నున్న 150 మంది పిల్లలపై జరిగిన పరీక్ష 2013లో ప్రకటితమైనది. అందును పదునాలుగవ దినమునకు కాండిడా చేరిన పిల్లలు ప్రోబయోటిక్కు గుంపులో సుమారు 31 శాతము, ఇతర గుంపులో 50 శాతము. ఐనను రక్తములో కాండిడా ప్రవేశించుటలో చెప్పదగిన తేడా తేలలేదు. ఈస్టు చేరుట వేరు, వ్యాధి కలుగుట వేరు అను భేదమును ఇచ్చట మరువరాదు.

జాగ్రత్తలు

ఆరోగ్యవంతులకు ప్రోబయోటిక్కులవలన హాని అరుదు. కాని బలహీనులకు బ్రతికియున్న సూక్ష్మజీవి నిచ్చుట ఆటకాదు. ప్రోబయోటిక్కుగా అమ్మబడు శాకరోమైసెస్ బౌలార్డి స్వయముగా ఒక ఈస్టు. రక్తనాళములలో గొట్టములమర్చిన రోగులలో ఇదియే రక్తమును చేరిన సందర్భములు కలవు. ఒక అకాలశిశువు తనకిచ్చిన ప్రోబయోటిక్కు బాక్టీరియాయే రక్తములో వ్యాపించి మరణింపగా, 2023 అక్టోబరులో అమెరికా ఆహార ఔషధ శాఖ ఆసుపత్రులను హెచ్చరించెను.

పేర్ల విషయమునను జాగ్రత్త వలయును. మన దేశములో కొన్ని మాత్రలపై కనబడు "లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్" నిజమునకు లాక్టోబాసిల్లస్ కాదు. అది బాసిల్లస్ కొయాగులన్స్ అను వేరొక బాక్టీరియా. భారత వైద్య పరిశోధనా మండలి, జీవసాంకేతిక శాఖ కలసి 2011లో చేసిన సూచనల ప్రకారము జాతి, ఉపజాతి, బ్రతికియున్న జీవుల సంఖ్య, నిలువచేయు పద్ధతి డబ్బాపై ఉండవలెను.

అన్నింటికంటె పెద్ద అపాయము ఆలస్యము. దురదయు తెల్లబట్టయు కనబడినంతనే అది ఈస్టే అని చెప్పుటకు వీలులేదు. 2002లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఈస్టు వ్యాధియని తామే నిర్ణయించుకొని అంగడిలో మందు కొనిన 95 మంది స్త్రీలలో మూడవ వంతుమందికి మాత్రమే కేవలము ఈస్టు వ్యాధి యున్నట్లు తేలెను. మిగిలినవారిలో కొందరు వేరు వ్యాధికి ఈస్టు మందు వాడబోయినవారే. ఒక చుక్క స్రావమును సూక్ష్మదర్శినిక్రింద చూచినచో ఈ సందేహము చాలవరకు తీరును. తరచు తిరుగబెట్టువారు రక్తములో చక్కెరను కూడ పరీక్ష చేయించుకొనవలెను. గర్భిణులు వైద్యుని అడుగక ఏ మాత్రయు మ్రింగరాదు. ఈ వ్యాధి నడవడికి సంబంధించినది కాదనియు, దీనిని చెప్పుకొనుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదనియు విద్యార్థినులకు ఉపాధ్యాయినులు తెలియజెప్పుట ఎంతయు అవసరము.

నేటివరకు తేలిన సారాంశమిది. ఈస్టు వ్యాధికి ప్రోబయోటిక్కు ఒక్కటే మందుగా పనిచేయునని నిదర్శనము లేదు. మందునకు తోడుగా కొంతకాలము సహాయపడవచ్చునను సూచనలు కలవు. అవి ఇంకను బలపడవలసి యున్నవి. ఏ ప్రోబయోటిక్కును గూర్చి విన్నను మూడు ప్రశ్నలు వేయుట విద్యార్థులు నేర్చుకొనవలెను: ఏ రకపు జీవి? ఎవరితో పోల్చి చూచిరి? ఎంతకాలము గమనించిరి? పెరుగు మంచి ఆహారము. దానిని ఆహారముగనే తినవచ్చును. వ్యాధికి మాత్రము పరీక్షకు నిలిచిన మందునే వాడవలెను.